విశాఖ ఒడ్డున ఇసుక కింది యుద్ధం

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన నా వయసు వారికి రెండు యుద్ధాల జ్ఞాపకాలు ఉంటాయి. ఒకటి మేము చిన్నతనంలో స్వయంగా చూసిన 1971 డిసెంబరు నాటిది. రెండవది మా పెద్దలు చూసి, మాకు కథలుగా చెప్పిన 1942 ఏప్రిల్ నాటిది. ఆ రెండవ యుద్ధానికి గుర్తుగా మిగిలిన కట్టడమొకటి జాలరిపేట దగ్గర ఒడ్డునే ఉంది. సముద్రం నెమ్మదిగా ఉన్న కాలంలో దాని నెత్తిమీది పలక మాత్రమే ఇసుకలోంచి కనిపించేది, ఒక్కోసారి అదీ కనిపించేది కాదు. వాయుగుండమో తుఫానో వచ్చి ఒడ్డును కోసుకుపోయినప్పుడు మాత్రం గోడలు, గోడల్లోని తుపాకి సందులు, దిమ్మ అంచులు ఒక్కొక్కటిగా బయటపడేవి. సైనికులు దాన్ని పిల్‌బాక్స్ అంటారు. మా ఊళ్ళో అందరికీ అది బంకరే.

నా చిన్నప్పుడు మాకు అది కూర్చోవడానికి వీలైన రాతి అరుగు, అంతే. సెలవురోజు సాయంత్రాలలో వేరుశనక్కాయల పొట్లాలతో దాని మీద ఎక్కి కూర్చుని, ఓడలు హార్బరులోకి మలుపు తిరగడం చూసేవాళ్ళం. వేటకు వెళ్ళివచ్చిన జాలర్లు దాని పక్కన వలలు ఆరబెట్టుకునేవారు. అది ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో మాలో ఎవరమూ అడిగినట్టు గుర్తు లేదు. కాళ్ళ కింద ఒక గది ఉందనీ, ఆ గదిలో ఒకప్పుడు మనుషులు మరతుపాకులు పట్టుకుని సముద్రం వైపు చూస్తూ కాపలా కాశారనీ తెలియడానికి 1971 రావలసి వచ్చింది.

ఆ డిసెంబరులో ఊరంతా చీకటి చేశారు. కిటికీలకు నల్లకాగితాలు, కారు దీపాలకు నల్లరంగు. దీపం సన్నని గీతలా కనిపించినా వీధిలోంచి ఎవరో ఒకరు కేక వేసేవారు. మూడవ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చి కిటికీలు అదిరాయని మా వీధిలో చాలామంది చెప్పుకున్నారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బరు ముఖద్వారానికి చేరువలోనే మునిగిపోయిందన్న సంగతి ఆ తరువాతి రోజుల్లో తెలిసింది. నీటి మీద తేలుతున్న లైఫ్ జాకెట్టును, ఇతర వస్తువులను మొదట చూసి నౌకాదళానికి తెలియజేసినవారు మన జాలర్లే. ఆ మాట ఇప్పటికీ నేను గర్వంగా చెప్పుకుంటాను.

మేము పిల్లలం ఆ చీకటికి భయపడ్డామే గాని, మా అమ్మమ్మ భయపడలేదు. ఆమె వంటింట్లో కిరసనాయిలు బుడ్డి వత్తిని బాగా తగ్గించి, దాని చుట్టూ పెద్ద సత్తు గిన్నెను అడ్డంగా పెట్టి, మా కంచాల మీద మాత్రమే వెలుగు పడేటట్టు చేసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు ఆ పని ఎలా తెలిసిందని మా అమ్మ ఆశ్చర్యపోతే, "నీకు నాలుగేళ్ళప్పుడు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇలాగే అన్నం తినిపించానే, మరిచిపోయావా?" అంది. ఆ రాత్రి మాకు జపాను వాళ్ళ బాంబుల కథ మొదటిసారి పూర్తిగా చెప్పింది.

అమ్మమ్మ వాళ్ళది వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్టుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మేడ ఇల్లు. తాతయ్య హార్బరులో గుమాస్తా. అమ్మమ్మకు ఇంగ్లీషు తేదీలతో పని లేదు. చిత్రభాను నామ సంవత్సరం, చైత్ర బహుళ పక్షం అని చెప్పేది. అదే 1942 ఏప్రిల్ 6, ఈస్టరు మరునాడు, సోమవారం. ఆమె మేడ మీద ఎండుమిరపకాయలు పరుస్తూ విమానాల చప్పుడు విని తలెత్తి చూసి, మన సర్కారువాళ్ళ విమానాలే అనుకుందట. పక్కింటి పిల్లలు చేతులు ఊపారట. హార్బరు వైపు పొగ లేచి, ఆ వెంటనే నేల అదిరిన తరువాత గాని అవి ఎవరివో ఎవరికీ అర్థం కాలేదు. మిరపకాయలు మిరపకాయలుగానే వదిలి, పిల్లలిద్దరినీ రెక్క పట్టుకుని ఆమె మెట్లు దిగింది. పట్టపగలు ఊరి మీద బాంబులు పడ్డాయన్న వార్త సాయంత్రానికల్లా వీధివీధికీ పాకి, ఎడ్లబండి దొరికినవాడు బండిలో, దొరకనివాడు కాలినడకన ఊరు విడిచి బయలుదేరాడు. మావాళ్ళు శృంగవరపుకోట దగ్గరి బంధువుల పల్లెకు వెళ్ళి, ఆ వేసవీ వానాకాలమూ అక్కడే గడిపారు. తాతయ్య మాత్రం ఉద్యోగం వదలలేక ఖాళీ అయిన ఇంట్లో ఒక్కడే ఉండిపోయాడు.

ఆ భయం ఊరికే పుట్టినది కాదని పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. మార్చి 8న రంగూను పోయింది. మా ఉత్తరాంధ్ర నుంచి రంగం (మావాళ్ళు బర్మాను అలాగే అంటారు) వెళ్ళి మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసుకుని బతికిన వేలాది కుటుంబాలకు అది దూరదేశపు వార్త కాదు, తమ ఇల్లు కూలిన వార్త. చాలామంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు, దారిలోనే పోయినవారూ ఉన్నారు. మార్చి 23న జపాను సైన్యం అండమానులో దిగింది. ఇక బంగాళాఖాతానికి ఈవల మిగిలింది మన తీరమే. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగింది. అదే రోజుల్లో వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో మరొక నౌకాబలగం బంగాళాఖాతంలోకి వచ్చి, మన తూర్పు తీరం వెంబడి పోతున్న సరుకు ఓడలను వెంటాడి 20కి పైగా ముంచివేసింది. ఆ బలగంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే ఆ సోమవారం విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. భారతదేశపు ప్రధాన భూభాగం మీద జపాను బాంబులు మొట్టమొదట పడిన ఊళ్ళు ఈ రెండే. ఆ రోజుకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన స్టాఫర్డ్ క్రిప్స్ ఇంకా ఢిల్లీలో మన నాయకులతో మంతనాలు సాగిస్తూనే ఉన్నాడు.

మా హార్బరు తెరిచి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. 1933లో ఓడలు రావడం మొదలైంది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం పని ఇంకా ఆరంభదశలోనే ఉంది. కలకత్తాకూ మద్రాసుకూ మధ్య ఉన్న తీరంలో ఓడలకు నిజమైన ఆశ్రయం ఇచ్చే రేవు ఇదొక్కటే కాబట్టి శత్రువుకు దీని మీద కన్ను పడడంలో వింత లేదు. యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. సి.ఆర్.రెడ్డిగారు ఉపకులపతిగా ఉన్న ఆ రోజుల్లో వాల్తేరు కొండ మీది భవనాల్లో చదువు స్థానంలో సైన్యం ఉండేది. సముద్రం మీదుగా సైన్యం దిగితే అడ్డుకోవాలని ఒడ్డున ఈ కాంక్రీటు గదులు కట్టించడం కూడా ఆ భయంలో భాగమే.

దిగలేదు. ఒడ్డున సిద్ధంగా ఉన్న ఆ తుపాకి సందులకు ఎదురుగా ఒక్క శత్రుసైనికుడూ రాలేదు. ర్యూజో నౌక ఆ ఆగస్టు 24నే సోలమన్ దీవుల దగ్గర అమెరికన్ విమానాల దెబ్బకు మునిగిపోయింది. మా ఊరి మీద విమానాలను పంపిన ఓడ అయిదు నెలలైనా నిలవలేదు గాని, దానికి భయపడి కట్టిన గది మాత్రం ఎనభై ఏళ్ళు దాటినా ఇక్కడే ఉంది.

దాన్ని నేను నిజంగా దగ్గరగా చూసినది హుద్‌హుద్ తరువాత. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు ఆ తుఫాను సరిగ్గా మా ఊరి మీదే తీరం దాటింది. కైలాసగిరి పచ్చదనమంతా ఒక్కరోజులో మోడై గోధుమరంగుకు మారింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళ ట్యాంకరు ఎక్కడ ఉందని వినిపిస్తే అక్కడికి బిందెలతో జనం పరుగు. అలాంటి ఒక ఉదయం, నీళ్ళ కోసం బయలుదేరినవాడిని కాళ్ళు లాగినట్టు ఒడ్డుకు వెళ్ళాను. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. నేను నడిచి దిగే ఇసుక వాలు లేదు, దాని చోట మనిషి ఎత్తున నిలువుగా తెగిన గట్టు ఉంది. చిన్నప్పుడు అరుగని కూర్చున్న పలక ఇప్పుడు నా భుజాల ఎత్తులో, కొంచెం ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంది.

గోడ మీద చెయ్యి వేసి చూశాను. సెంట్రింగ్ చెక్కల గీతలు, వాటి మధ్య అతుకులు, ఒకచోట చెక్కకు ఉన్న ముడి కూడా కాంక్రీటులో అచ్చు పడి ఉంది. అది ఏ చెట్టో గాని, ఆ చెక్క ఎప్పుడో పుచ్చి మట్టిలో కలిసిపోయి ఉంటుంది, దాని ముడి మాత్రం అక్కడ నిలిచింది. ఉప్పుగాలికి పైపూత రాలిన చోట కంకర రాళ్ళు బయటపడ్డాయి, అక్కడక్కడ ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలదీశాయి. ఎప్పుడూ నీరు తగిలే కిందిభాగానికి చిన్నచిన్న గుల్లలు గట్టిగా అతుక్కుని ఉన్నాయి. తుపాకి సందు బయటివైపు వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ ఇరుకుగా ఉంది. అందులోంచి లోపలికి తొంగిచూస్తే తడి ఇసుక, ఒక తెగిన నైలాను వల ముక్క, ఒక చెప్పు కనిపించాయి. గోడ మందం చూస్తే, దీన్ని కట్టించినవారికి ఎంత భయం ఉండి ఉంటుందో అర్థమైంది.

అక్కడ పడవ బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు నన్ను చూసి, "ఇసక పోతే అగుపడతాది బాబూ, మల్లీ ఇసకొస్తే కప్పడిపోతాది. మా అయ్య చిన్నప్పటి నుంచీ ఇదే తంతు" అన్నారు. వాళ్ళ నాన్నగారి కాలంలో అది నీటికి చాలా దూరంగా, పొడి ఇసుక మీద ఉండేదట. పండుగ రోజుల్లో పిల్లలు దాని చుట్టూ తిరిగి ఆడుకునేవారట. అంటే గది కదలలేదు, ఒడ్డే వెనక్కు జరిగింది.

ఒడ్డు జరగడానికి కారణం తుఫాను ఒక్కటే కాదు. నైరుతి రుతుపవన కాలంలో మా తీరం వెంబడి కెరటాలు ఏటవాలుగా తగులుతూ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. చలికాలంలో కొంత వెనక్కు తెస్తాయి గాని, ఏడాది లెక్క చూస్తే పోయేది ఉత్తరానికే ఎక్కువ. ఆ దారిలో డాల్ఫిన్స్ నోస్ కొండ, హార్బరు ముఖద్వారం, 1970లలో కట్టిన ఔటర్ హార్బరు అడ్డుగోడలు ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగిపోతే, దానికి ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి రావలసిన వాటా రాదు. అందుకే డ్రెడ్జరుతో ఆ ఇసుకను తోడి గొట్టాల ద్వారా ఇవతలి ఒడ్డున పోయిస్తారు. ఆ పని సక్రమంగా జరిగిన ఏడు ఒడ్డు నిండుగా ఉంటుంది, జరగని ఏడు చిక్కిపోతుంది. చిక్కిపోయిన ఒడ్డు మీదికి తుఫాను వచ్చిందంటే ఇక అడ్డేమీ ఉండదు. బంకర్ బయటపడినప్పుడల్లా చూడడానికి జనం ఉత్సాహంగా వస్తారు, నేనూ వెళతాను. కాని అది ఎంత ఎక్కువగా కనిపిస్తే మా ఒడ్డు అంత పోయినట్టే. సంతోషించాలో బాధపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

2021 డిసెంబరులో జవాద్ తుఫాను తీరాన్ని తాకకముందే బలహీనపడింది. గాలి పెద్దగా లేదు. కాని అది అమావాస్య రోజు, సముద్రం పోటు మీద ఉంది. బీచ్ రోడ్డు పక్క పిల్లల పార్కులో నేల కుంగి, ప్రహరీ గోడ కూలి, బెంచీలు పక్కకు ఒరిగాయి. పోలీసులు తాళ్ళు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. ఆ వారంలోనే మా పెద్దమ్మను ఒడ్డుకు తీసుకువెళ్ళాను. అమ్మమ్మ ఆనాడు మేడ దింపిన పిల్లలిద్దరిలో పెద్దది ఆమె. 1942 నాటికి తొమ్మిదేళ్ళది. అప్పటికి మా ఇంట్లో ఆ రోజును కళ్ళారా చూసినవారిలో మిగిలింది ఆమె ఒక్కతే.

కారు దిగి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చి, బంకర్‌కు కొద్ది దూరంలో నిలబడి చాలాసేపు చూసింది. నేను గోడల సంగతి, తుపాకి సందుల సంగతి వివరించబోతే వినిపించుకోలేదు. "ముళ్ళతీగ ఏదిరా?" అని అడిగింది. ఒడ్డు పొడవునా ముళ్ళతీగ కట్టి ఉండేదట. దాని వల్ల మాఘస్నానాలకు కూడా సముద్రంలోకి దిగనివ్వలేదని, ఆ ఏడు ఆమె నాయనమ్మ ఇంట్లోనే బిందెడు సముద్రపు నీళ్ళు తెప్పించుకుని నెత్తిన పోసుకుని, యుద్ధాన్ని తిట్టిపోసిందని చెప్పింది. ఈ గదులు కట్టేటప్పుడు తట్టలతో కంకర మోసినది చుట్టుపక్కల కూలీలేనని, తాతయ్య హార్బరు నుంచి వచ్చి భోజనాల దగ్గర చెబుతుంటే విన్నానంది. సిమెంటు బస్తాలు లారీల్లో వస్తుంటే ఇల్లు సగంలో ఆగిపోయిన ఊరివాళ్ళు ఆశగా చూసేవారట. యుద్ధం అయ్యాక చాలాకాలం వరకూ బజారులో సిమెంటు దొరకలేదట.

పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్న కుర్రవాడొకడు తన స్నేహితులతో అది జపాను వాళ్ళు కట్టిన బంకరని చెబుతున్నాడు. పెద్దమ్మ ఊరుకోలేదు. "కాదు నాయనా, వాళ్ళు వస్తారేమోనని తెల్లవాళ్ళు మనవాళ్ళ చేత కట్టించారు. వాళ్ళు ఒడ్డున దిగనే లేదు, పైనుంచి వచ్చి పోయారు" అని, అటు తిరిగి హార్బరు దిక్కు చెయ్యి చూపించి, విమానాలు ఎటు నుంచి వచ్చాయో, ఎటు తిరిగాయో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్లలు ఫోన్లు దించి విన్నారు. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉందని నేను చెప్పాను. కురుసుర జలాంతర్గామిని చూడడానికి వచ్చిన ఆ పిల్లలు, దానికి దగ్గరలోనే మ్యూజియం ఉన్న ఆ పాత డచ్చి బంగళాలోకి ఒక్కసారీ వెళ్ళలేదట. సెలవుల్లో పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులు ముందు మ్యూజియంలో ఆ బాంబును చూపించి, ఆ తరువాత ఒడ్డున బంకర్ దగ్గరకు నడిపిస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. రెండూ ఒకే కథకు రెండు వైపులు.

2023 సెప్టెంబరు చివరలో ఇదే ఒడ్డుకు భారీ చెక్కపెట్టె లాంటిది కొట్టుకువచ్చినప్పుడు, అందులో నిధి ఉందన్న పుకారు పుట్టి ఊరు ఊరంతా కదిలివచ్చింది. చివరకు అది ఉత్త కలప అని తేలింది. తుఫాను వెలిసిన తరువాత ఉప్పాడ తీరంలో బంగారు నలుసుల కోసం ఇసుక వెతికే కుటుంబాలను చూసినవారికి ఆ ఆశ కొత్త కాదు. అంత జనం ఆ బంకర్ దగ్గరకు ఏనాడైనా వచ్చి, పక్కన పెద్దమ్మ వంటి మనిషి నిలబడి చెబుతూ ఉంటే ఎంత బాగుండేదోనని ఆ రోజు అనుకున్నాను.

పెద్దమ్మ ఒడ్డున చెప్పినదాన్ని ఫోనులో రికార్డు చేశాను. ఇంటికి వచ్చాక మళ్ళీ కూర్చోబెట్టి, కెరటాల హోరులో వినిపించని మాటలను అడిగి, అంతా కాగితం మీద రాశాను. నేను రాసినది ఆమె చదివించుకుని, రెండు చోట్ల దిద్దించింది. ఎండబెట్టినది మిరపకాయలే గాని ఆ రోజు పరిచినది అమ్మమ్మ కాదట, పనిమనిషి సింహాచలమట, అమ్మమ్మ మేడ మీదికి వచ్చినది చప్పుడు విన్న తరువాతట. పల్లెకు వెళ్ళిన బండి అద్దెబండి కాదు, తాతయ్య స్నేహితుడిదట. దిద్దిన ప్రతిని హైదరాబాదులో, డల్లాస్‌లో ఉన్న మా పిల్లలందరికీ పంపించాను. అమ్మమ్మ చెప్పిన కథను ఇక్కడ ఆమె చెప్పినట్టే ఉంచాను గాని, ఇంట్లో దాచిన కాగితాల్లో మాత్రం పెద్దమ్మ మాటే ఉంది.